పళ్లెంలో పెట్టి ఇచ్చిన కారు టైరు

పెద్ద మోటారు సైకిలు వెనక చక్రానికి కారు టైరు వేయవచ్చా అని నన్ను అడిగేవాళ్లు రెండు రకాలు. తెలుసుకోవాలని అడిగేవాళ్లు, ముందే వేయించేసుకుని నా చేత ఔననిపించుకోవాలని వచ్చేవాళ్లు. మొదటి రకం మనుషుల్ని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. రెండో రకం వాళ్లకు జవాబు చెప్పీ చెప్పీ నా గొంతు అరిగిపోయింది గాని వాళ్ల టైర్లు మాత్రం అరగలేదట. టైరు అరగకపోవడమే వాళ్ల వాదన మొత్తం.

బైకుల షెడ్లలో కొత్తగా పనికి చేరుతున్నవాళ్ల కోసం, మొదటి జీతాలతో పెద్ద బళ్లు కొని దేశాలు తిరుగుతామని బయలుదేరుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మీకు నచ్చుతుందన్న ఆశ నాకు లేదు. నా మాట నచ్చినవాళ్లు సర్వీసులో ఉన్నప్పుడే లేరు.

నేను పోర్టు రోడ్డులో లారీ టైర్ల కొట్లో పని మొదలుపెట్టాను. చివరి కొన్నేళ్లు మధురవాడలో ఒక పెద్ద బైకుల షోరూములో టైర్ల సెక్షను చూశాను. చూశాను అంటున్నానే గాని అక్కడి బోర్డు మీద నా పేరు పక్కన ఏ హోదా ఉండేది కాదు. కాఫీ యంత్రం దగ్గర నిలబడి కప్పులు అందించే అతనికి కూడా ఒక హోదా ఉంది, అది ఇంగ్లీషులో రెండు మాటలు. నా పేరు పక్కన మాత్రం ఖాళీ. ఆ సంగతి మేనేజరును అడిగాను. అతను విజయవాడ నుంచి వచ్చిన కుర్రవాడు, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాలో ఉండేవాడు. "అంకుల్‌కి హోదా ఎందుకండీ, అంకులే ఒక హోదా" అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకిప్పటికీ గుర్తుంది.

ఆ షోరూముకు అసలు యజమాని వేరు గాని, దాన్ని నడిపించేది మాత్రం మా ఊరి బైకుల క్లబ్బు. రుషికొండ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు, స్టీల్ ప్లాంటు కాంట్రాక్టర్లు కలిసి పెట్టుకున్నది. ఆదివారం పొద్దున్నే బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా వెళ్లి, ఇడ్లీలు తిని, తిరిగి రావడాన్ని వాళ్లు రైడ్ అంటారు. మన విశాఖ ఉక్కలో, మంచుకొండల్లో వేసుకునే జాకెట్లు తొడుక్కుని, హెల్మెట్ మీద కెమెరా పెట్టుకుని ఆ ఇడ్లీల కోసం వెళతారు. తిరిగి వచ్చాక ఒక్కో జాకెట్టు పిండితే బకెట్టు నిండుతుంది.

ఆ క్లబ్బు ప్రెసిడెంటుకు స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టులు ఉండేవి. మనిషి భారీ, గొంతు అంతకన్నా భారీ. ఆయన తన పెద్ద బండి వెనక చక్రానికి కారు టైరు వేయించుకుని తిరిగేవాడు. అలాంటి బళ్ల సొంత టైరు మెత్తని రబ్బరుతో చేస్తారు, త్వరగా అరుగుతుంది. అరిగాక కొత్తది బయటి దేశం నుంచి రావాలి, వారాల తరబడి ఎదురుచూడాలి. కారు టైరైతే గాజువాకలో ఏ కొట్లోనైనా దొరుకుతుంది, దానికన్నా ఎన్నో రెట్లు నడుస్తుంది. ఇందులో అబద్ధం లేదు. ఆనందపురం దాటి శ్రీకాకుళం వైపు తిన్నగా పరిచిన నాలుగు వరసల రోడ్డు మీద వెళ్లినంతసేపూ ఏమీ కాదు కూడా. ఏమీ కాకపోవడమే ఇందులో పెద్ద ప్రమాదం. ఏమీ కాని ప్రతి కిలోమీటరూ ఇలాంటివాడికి ఒక సర్టిఫికెట్టులా కనబడుతుంది.

మీకు తేడా తెలియాలంటే రెండు మాటలు చాలు. మోటారు సైకిలు టైరు అడుగు కొబ్బరి చిప్ప బోర్లించినట్టు గుండ్రంగా ఉంటుంది. కారు టైరు అడుగు పీటలా చదునుగా ఉంటుంది. కారు మలుపులో ఒరగదు కాబట్టి దానికి పీట సరిపోతుంది. మోటారు సైకిలు ఒరగకుండా తిరగదు. చిప్ప ఎంత ఒరిగినా ఒకేలా నేలకు ఆనుతుంది. పీటను ఒరగబెట్టారనుకోండి, అంచు మీద లేస్తుంది, చెయ్యి కాస్త వదలగానే మళ్లీ చదునుగా పడాలని చూస్తుంది. ఇంకొకటి, బైకు రిమ్ము అంచు ఒక తీరులో ఉంటుంది, కారు టైరు అంచు మరో తీరులో ఉంటుంది. అది ఇందులో కూర్చోవాలంటే ఉండవలసిన దానికన్నా ఎక్కువ గాలి కొట్టి బలవంతాన కూర్చోబెట్టాలి. టైరు చేసినవాడు వద్దన్నాడు, బండి చేసినవాడూ వద్దన్నాడు. పర్వాలేదన్నది క్లబ్బు ప్రెసిడెంటు ఒక్కడే.

ఇదంతా నేను క్లబ్బువాళ్ల వాట్సాప్ గ్రూపులో రాశాను. సర్వీసు సందేహాల కోసమని నన్ను అందులో వాళ్లే చేర్చారు. ప్రెసిడెంటు జవాబు రాయలేదు, గొంతు రికార్డు చేసి పంపాడు.

"లారీ టైర్ల తాత బైకుల గురించి సెప్తన్నాడర్రా, ఇనండి. రేపు ఇమానం టైర్ల గురించి కూడా సెప్తాడు."

దాని కింద వరసగా నవ్వుతున్న బొమ్మలు వచ్చాయి. మర్నాటికి ఆ గ్రూపులో నేను లేను. అడిగితే, అది టెక్నికల్ గ్రూపు కాదు, రైడింగ్ గ్రూపు అన్నాడు మేనేజరు.

ఈ కథలో అసలు మనుషులు ఇద్దరు. ఒకాయన ఓడల్లో ఇంజనీరు. నెలల తరబడి సముద్రం మీద ఉండి, మధ్యలో కొన్ని నెలలు ఇంట్లో ఉంటాడు. ఆయన భార్య ఒక ఆసుపత్రిలో నర్సు, నేను నర్సమ్మ అనేవాణ్ని. చేపలు పట్టే కుటుంబంలో పుట్టి చదువుకున్న మనిషి. ఆమెకు స్వయానా అన్నయ్య మన ప్రెసిడెంటు. అంటే ఇంజనీరుకు బావ.

పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ ఇంజనీరు భార్యకు ఒక మాట ఇస్తూ వచ్చాడట. విశాఖ నుంచి తీరం వెంబడి కన్యాకుమారి దాకా, అక్కణ్నుంచి పడమటి తీరం మీదుగా గుజరాత్ దాకా బండి మీద తిప్పుతానని. ప్రతిసారీ ఏదో ఓడ పిలిచేది. చివరికి ఆమె ఎన్నేళ్ల నుంచో వాడుకోకుండా దాచుకున్న సెలవులన్నీ ఒక్కసారి పెట్టింది. ఆయన ఒక పెద్ద టూరింగ్ బండి కొన్నాడు.

టైరు ఎంచుకోవడానికి నా దగ్గరికొచ్చి, ముందు నన్ను కూర్చోమని చెప్పి తరువాత తాను కూర్చున్న మనిషిని ఆ షోరూములో ఆయన్నే చూశాను.

"సముద్రం మీంచి నేలను చాలాసార్లు చూశాను గురూగారూ. ఈసారి నేల మీంచి సముద్రం చూడాలి. వెనకాల ఆవిడ ఉంటుంది. ఏం వేయమంటారు?" అన్నాడు.

ఇద్దరి బరువు, రెండు పక్కల పెట్టెల బరువు, దాని మీద వానలు. ఆ లెక్కలో బరువు మోయగలిగే రకం చూశాను. మధ్యలో గట్టి రబ్బరు, అంచుల్లో మెత్తని రబ్బరు ఉండే టైరు ఎంచాను. మధ్య భాగం తిన్న రోడ్డు మీద త్వరగా అరగకూడదు, అంచులు మలుపులో నేలను పట్టుకోవాలి. ఎప్పుడు తయారైందో కూడా చూసి, గోడౌనులో పడి ఎండిపోయినది వద్దని తిప్పి పంపి, తాజాది తెప్పించాను. అందంగా లేదని సేల్స్ కుర్రాళ్లు ముఖం చిట్లించారు. దాన్ని పెళ్లి చేసుకోవడం లేదు కదా అన్నాను.

టైరు వచ్చిన సంగతి ప్రెసిడెంటుకు తెలిసింది. షోరూము మధ్యలో నిలబడి, నాకు వినబడేలాగే అన్నాడు.

"ఏటి బావా, అంత దూరం ఎల్తా ఆ మెత్త టైరేటి? సగం దారిలో గుండు కొట్టించుకున్నట్టు అయిపోద్ది. రేపాదివారం అరకు ఘాటీకి ఎల్తన్నాం. నా బండి ఎక్కి సూడు. సెల్లిని ఎనక్కాల కూకోబెట్టుకో. బాగోలేదంటే నన్నడుగు."

"అలాగే బావా, చూద్దాం" అన్నాడు ఇంజనీరు. కాదనడం ఆ మనిషికి రాదు.

క్లబ్బు దూర ప్రయాణాలకు వెళితే వెనక మా షోరూము వ్యాను వెళ్లేది. పంక్చరులు, తెగిన కేబుళ్లు చూసుకోవడానికి అందులో నన్ను పంపేవారు. గ్రూపులో ఉండటానికి పనికిరాని మనిషి వ్యానులో ఉండటానికి పనికొచ్చాడు. ఆ ఆదివారం అనంతగిరి ఘాటీ ఎక్కుతుండగా సన్నగా జల్లు పడుతోంది. కాఫీ తోటలు దాటాక ఎడమ వైపు ముడుచుకునే మలుపు ఒకటి ఉంది. ఇంజనీరు బావగారి బండి మీద, భార్యను వెనక కూర్చోబెట్టుకుని మా ముందే వెళుతున్నాడు. వేగం ఎక్కువేమీ కాదు.

ఆయన బండిని ఎడమకు ఒరగబెట్టడం చూశాను. బండి కొంచెం ఒరిగింది, ఆగింది, నిటారుగా లేచిపోయింది. లేచిన బండి తిరగదు. తిన్నగా రోడ్డు కుడివైపుకు వెళ్లిపోయింది. పై నుంచి ఆర్టీసీ బస్సు దిగుతోంది. డ్రైవరు బ్రేకు మీద నిలబడి బస్సును కొండ వైపుకు కోసేశాడు. బండికీ బస్సుకీ మధ్య నుంచి చెయ్యి పోతుందేమో, మనిషి పోడు.

డ్రైవరు తల బయటపెట్టాడు.

"ఏటిరా బాబూ, ఈ పక్కకొచ్చావు? ఆయమ్మని ఎక్కడ దించాలో సెప్పు, టికెట్టు కొట్టి నానే దించుతాను."

ఇంజనీరు బండి దిగలేదు. చేతులు హ్యాండిలుకు అతుక్కుపోయాయి. నర్సమ్మ దిగింది, చీకటి పడిందా అన్నట్టు చుట్టూ చూసింది, నడుచుకుంటూ వచ్చి వ్యానులో నా పక్కన కూర్చుంది. ఈలోగా ముందు వెళ్లిన ప్రెసిడెంటు వెనక్కి తిరిగి వచ్చాడు. ఆ రోజు తమ్ముడి బండి తెచ్చుకున్నాడు.

"ఏటయ్యింది సెల్లీ?"

"తల తిరుగుతోంది అన్నయ్యా. ఘాటీ కదేటి. వ్యానులో వత్తాను."

"బండెలాగున్నాది?"

"బాగున్నాది" అంది.

అతను వెళ్లిపోయాక ఆమె కిటికీ అద్దం మూసింది. తరువాత నెమ్మదిగా నన్ను అడిగింది.

"టైరేనా బాబాయ్?"

చెప్పమని ఒక మనిషి అడిగింది కాబట్టి చెప్పాను. చిప్ప, పీట, అంచు, అన్నీ. వ్యాను అరకు చేరేదాకా చెప్పాను. ఆమె మధ్యలో ఆపలేదు. చివరికి ఒక్క మాట అంది.

"మా నాన్న తెప్ప మీద కూకున్నట్టే ఉంది బాబాయ్. ఒరగమంటే ఒరగదు. ఎత్తి అవతల ఇసిరేద్దామని సూత్తది."

అంత బాగా నేను వాట్సాప్‌లో రాయలేకపోయాను.

అయితే ఆమె అన్నయ్యతో బాగున్నాది అన్న ఆ ఒక్క మాట మా అందరి నెత్తి మీదికీ వచ్చింది. ప్రెసిడెంటు దాన్ని క్లబ్బంతా చాటాడు. అంతటితో ఆగలేదు. వారం తిరక్కుండా చెల్లినీ బావనీ షోరూముకు పిలిపించి, తానూ భార్యాసమేతంగా వచ్చాడు. ఇద్దరి చేతుల్లో పెద్ద ఇత్తడి పళ్లెం. పళ్లెంలో కొత్త కారు టైరు. టైరుకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. దాని కడుపులో కొబ్బరికాయ, అరటిపళ్లు, జాకెట్టు ముక్క. పుట్టింటివాళ్లు ఆడపిల్లకు చీర పెట్టడం చూశాను, వెండి కుంది పెట్టడం చూశాను. టైరు పెట్టడం అదే చూడటం.

"ఊరెల్తన్నావు సెల్లీ. అన్నగా నాను ఏటి పెట్టాలి నీకు? సీర పెడదామంటే బండి మీద కట్టుకోలేవు. అందుకని టైరు పెడతన్నాను. దీని మీద ఎల్లి, దీని మీదే రండి."

చుట్టూ ఉన్న క్లబ్బువాళ్లు చప్పట్లు కొట్టారు. మేనేజరు ఫోనులో వీడియో తీస్తున్నాడు. ఇంజనీరు తన భార్య ముఖంలోకి చూశాడు. ఆమె పళ్లెం అందుకుని, వదిన చేత బొట్టు పెట్టించుకుంది. మా వైపు ఇళ్లలో పుట్టిన ఎవరికైనా తెలుస్తుంది, పుట్టింటి నుంచి వచ్చిన పళ్లెం వెనక్కి పంపడమంటే ఏమిటో. ఆ రోజు నుంచి రాకపోకలు ఉండవు.

మేనేజరు టైరును దొర్లించుకుంటూ నా దగ్గరికి తెచ్చాడు.

"అంకుల్, ఇది ఫిట్ చేసేయండి. మీరు తెప్పించింది రిటర్న్ పెట్టేద్దాం."

"నేను చేయను."

"కస్టమరే అడుగుతున్నాడు కదండీ."

"కస్టమరు నోరు తెరవలేదు. మీరే చూశారు."

అతను గోడ మీది క్యాలెండరు చూశాడు.

"రేపు మీకు వీక్లీ ఆఫ్ కదా అంకుల్. రెస్ట్ తీసుకోండి" అన్నాడు మెత్తగా.

ఇన్నేళ్ల సర్వీసులో నన్ను రెస్టు తీసుకోమన్న పైఅధికారి అతనొక్కడే. మర్నాడు నేను లేనప్పుడు మా ఫిట్టరు చేత ఆ టైరు ఎక్కించారు. అంచు రిమ్ములో కూర్చోలేదట. కూర్చునేదాకా గాలి కొట్టారట. చివరికి ఢామ్మని చప్పుడై కూర్చుంటే కాఫీ తాగుతున్న కస్టమర్లు కప్పులు జారవిడిచారట. ఫిట్టరు ఇది నాకు నవ్వుతూ చెప్పాడు. ఆ రిమ్ము పగిలి ఉంటే చెప్పడానికి అతను మిగిలేవాడు కాదు. ఆ మాట అంటే అతనూ మొహం తిప్పుకున్నాడు. నేను తెప్పించిన టైరును మాత్రం తిప్పి పంపనివ్వలేదు. ఇంజనీరు దాని డబ్బు కట్టేశాడు, కాబట్టి అది ఆయన సొత్తు అని పట్టుబట్టి నా సెక్షనులోనే ఉంచాను.

బయలుదేరడానికి ముందు ఒక మధ్యాహ్నం నర్సమ్మ డ్యూటీ దిగి నేరుగా గాజువాకలో మా ఇంటికి వచ్చింది. మా ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగింది. తాగాక విషయం చెప్పింది.

"ఆ టైరు ఇప్పించేద్దాం బాబాయ్. నీ టైరే ఎయ్యి. కానీ అన్నయ్యకి తెలీకూడదు."

నేను ఒప్పుకోలేదు. తెలియాలి అన్నాను. అందరి ముందూ తెలియాలి. ఘాటీలో ఏమైందో నువ్వే క్లబ్బులో చెప్పాలి. లారీ టైర్ల తాత చెప్పింది నిజమని చెప్పాలి. నువ్వు చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు అన్నాను.

"ఈయన ఓడ మీద ఉన్నన్నాళ్లూ నా ఇంట్లో బల్బు పోతే మార్సినోడు మాయన్నయ్య. పిల్లకి జొరమొత్తే ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెట్టినోడు మాయన్నయ్య. ఆడి పళ్లెం నాను పదిమందిలో తిప్పికొట్టలేను బాబాయ్."

"అయితే ఆ టైరు మీదే వెళ్లండి" అన్నాను. కోపంలో అన్నాను, కానీ అన్నాను.

ఆమెకు కోపం రాలేదు. ఆసుపత్రిలో రోజూ నాలాంటి వాళ్లను చూస్తుంది కాబోలు.

"ఒక్క మాట సెప్పు బాబాయ్. నువ్వు గెలవాలనుందా నీకు, మేం తిరిగి రావాలనుందా?"

"రెండూ" అన్నాను.

"ఒకటే దొరుకుద్ది" అంది.

మజ్జిగ గ్లాసు పట్టుకుని మా ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉంది. ఇద్దరూ నా వైపే చూస్తున్నారు. నేను లేచి వెళ్లి పెరట్లో కాసేపు నిలబడ్డాను. తిరిగొచ్చి, వాళ్ల అన్నయ్యకు తెలియనివ్వనని ఆమెకు మాట ఇచ్చి, అగనంపూడి దాటాక హైవే పక్కన నా పాత జోడీదారు లారీ టైర్ల కొట్టు ఉందని, బయలుదేరిన రోజు అక్కడ ఆగమని చెప్పాను.

ఆ రోజు షోరూము ముందు బాజాలు తప్ప అన్నీ ఉన్నాయి. బండికి దండలు, చక్రాల కింద నిమ్మకాయలు. ఫొటో తీసేటప్పుడు మేనేజరు నన్ను భుజం పట్టి పక్కకు జరిపాడు, నా యూనిఫాం పాతదట. మంచిదే అయింది, ఆ పక్కనుంచే బయటపడి, నా టైరును వ్యానులో వేసుకుని ముందుగా వెళ్లిపోయాను. ప్రెసిడెంటు ఎన్‌ఏడీ కూడలి దాకా వాళ్ల పక్కనే వచ్చి చెయ్యి ఊపి తిరిగిపోయాడట.

హైవే పక్క కొట్లో నా జోడీదారు పసుపు కుంకుమలున్న టైరును చూసి నడుం మీద చేతులు వేసుకున్నాడు.

"ఇదేటి బావా, పెళ్లి బట్టలు ఇప్పేసి పని బట్టలు తొడుగుతన్నావేటి?"

"నోరుముయ్యి, జాకీ తే" అన్నాను.

కారు టైరు విప్పాం. రిమ్ము అంచు చుట్టూ వేలితో తడిమి చూశాను, దేవుడి దయ, దెబ్బ తగలలేదు. నా టైరు ఎక్కించి, ఎంత గాలి ఉండాలో అంతే పెట్టాను. కొత్త టైరు మీద మైనంలాంటి జారుడు ఉంటుంది, మొదటి రోజు మలుపుల్లో మెల్లగా వెళ్లమని చెప్పాను. సర్వీసు రోడ్డులో ఇంజనీరు భార్యను ఎక్కించుకుని ఎనిమిది అంకె వేసినట్టు తిప్పి చూశాడు. ఆమె ఒక చెయ్యి వదిలి నాకు ఊపింది. వెళ్లిపోయారు. కారు టైరును గోనెసంచిలో చుట్టి, లారీ టైర్ల వెనక దాచాం.

తరువాతి రోజుల్లో నేను మింగినదంతా రాస్తే ఈ పుస్తకం చాలదు. ఇంజనీరు క్లబ్బు గ్రూపులోకి సముద్రం ఫొటోలు పంపేవాడు. ప్రతి ఫొటో కిందా ప్రెసిడెంటు టైరు గురించి రాసేవాడు. కన్యాకుమారి ఫొటో వస్తే కారు టైరు కన్యాకుమారి చేరిందనేవాడు. మేనేజరు వాటిని షోరూము టీవీలో తిప్పేవాడు. కస్టమర్లు వచ్చి, ఇదే టైరా అంకుల్ అని నన్నే అడిగేవారు. తెలియదు అనేవాణ్ని. నోటిదాకా వచ్చిన ఫిర్యాదును మింగడం నాకు అలవాటు లేని పని.

వాళ్లు తిరిగి వచ్చారు. ఊళ్లోకి రాకముందే ఆ కొట్లో ఆగారు. నా టైరు మధ్య భాగం చదునుగా అరిగిపోయి, అంచులు మెరుస్తూ, నిజంగా పనిచేసిన మనిషి అరిచెయ్యిలా ఉంది. కొంకణంలో వానలో ఒక మలుపు మధ్య గేదెలు అడ్డొచ్చాయని, ఇంకా ఒరగబెట్టి వాటి పక్కనుంచి దాటించానని ఇంజనీరు చెప్పాడు. నర్సమ్మ ఇంకో మాట చెప్పింది.

"అప్పుడు నాను కళ్లు ముయ్యలేదు బాబాయ్."

అరిగిన టైరును ఆమె తీసుకుంది. ఇప్పుడది ఫిషింగ్ హార్బరులో వాళ్లవాళ్ల పడవ పక్కన, గట్టుకు కొట్టుకోకుండా వేలాడుతోంది. కారు టైరును గోనెసంచిలోంచి తీసి మళ్లీ ఎక్కించి, ఊళ్లోకి పంపించాను. ఆ పూట నేను చేసిన పనిని నేను ఎవరి దగ్గరా మెచ్చుకోను.

కొద్ది రోజులకే నేను రిటైరయ్యాను. వీడ్కోలు సభ షోరూములోనే పెట్టారు. నా కోసమే అనుకుని వెళ్లాను. లోపల నున్నటి స్టాండు మీద ఆ కారు టైరును నిలబెట్టి దండ వేశారు. పైన బోర్డు రాయించారు, దేశం చుట్టి వచ్చిన టైరు అని. ఇంజనీరు ఇంకో ఓడ ఎక్కబోతూ, మళ్లీ బండి నడిపే పని లేదని, దాన్ని విప్పించి షోరూముకు ఇచ్చేశాడట. ప్రెసిడెంటు మాట్లాడాడు.

"ఈ పెద్దాయన ఈ టైరు వద్దన్నాడు. కోపగించుకోలేదు నాను. ఆయన కాలం ఏరు. కానీ ఇప్పుడు సూడండి, ఇన్ని ఊళ్లు తిరిగొచ్చినా కొత్తదానిలాగే ఉన్నాది. ఎంతైనా కారు టైరు కారు టైరే."

అందరూ వచ్చి దాన్ని నిమిరారు. అరగలేదు చూడండి అన్నారు. నాకు శాలువా కప్పి, ఫొటోలో టైరును మధ్యలో పెట్టి, నన్ను అంచున నిలబెట్టారు. ముందు వరసలో నర్సమ్మ కూర్చుని ఉంది. ఫొటో తీసినంతసేపూ నేల చూస్తూనే ఉంది. నేను నోరు విప్పలేదు. మాట ఇచ్చాను.

అది అక్కడితో పోయేది. కానీ ఈ మధ్య గాజువాకలో మా వీధి చివర అపార్టుమెంటులో ఉండే కొత్తగా పెళ్లయిన కుర్రవాడు తన బండి చూపించడానికి తెచ్చాడు. వెనక కారు టైరు. షోరూములో చూశానండీ, దేశమంతా తిరిగొచ్చినా అరగలేదట, మా ఆవిడతో లంబసింగి వెళుతున్నాం అన్నాడు. ఆ పూటే నర్సమ్మకు ఫోను చేశాను. నేను గెలవాలని కాదు, వీళ్లు తిరిగి రావాలని అన్నాను. ఆమె ఆసుపత్రి వరండాలో ఉన్నట్టుంది, చుట్టూ గోల.

"రాసుకో బాబాయ్. పేర్లు మాత్రం ఎయ్యకు" అంది. "మాయన్నయ్య ఎలాగూ పుస్తకాలు సదవడు."

అందుకే రాశాను, అందుకే ఎవరి పేరూ వేయలేదు.

ఆ కుర్రవాడి చేత టైరు మార్పించాను, మీ అందరి ఇళ్లకూ రాలేను. కాబట్టి మీరే ఆ షోరూముకు వెళ్లండి. లోపలికి అడుగు పెట్టగానే కుడివైపున ఉంటుంది. కాఫీ ఇస్తారు, తాగండి. బోర్డు చదవమంటారు, చదవండి. ఆ తరువాత ఎవరేమనుకున్నా సరే, గొంతుక్కూర్చుని టైరు అంచులు చూడండి. అచ్చులోంచి వచ్చిన కొత్త టైరు మీద సన్నని రబ్బరు వెంట్రుకలు ఉంటాయి. రోడ్డెక్కి నాలుగు ఊళ్లు తిరిగితే రాలిపోతాయి. దేశం చుట్టి వచ్చిన ఆ టైరు మీద ఒకసారి అరచెయ్యి పెట్టి రాయండి.

గుచ్చుకుంటాయి.